మా ల్యాబులోని ఫారడే కప్పు గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఫారడే కప్పు గారికి,

ఉభయ కుశలోపరి. మా ఎలక్ట్రాన్ బీమును, అంటే ఎలక్ట్రాన్ల ధారను, పట్టుకుని అందులో కరెంటెంతో చెప్పాల్సిన రాగి గిన్నె తమరు. ఇవాళ మధ్యాహ్నం తమరు చేసిన ఘనకార్యం చూసి మా గైడ్ గారు ఒక్క మాటా అనకుండా టీకి వెళ్లిపోయారు. తిట్టినా బాగుండేది.

బీమును నడిపే హై వోల్టేజ్ పవర్ సప్లై మీద 20 మిల్లీఆంపియర్లు. తమరి దగ్గర 13. మిగతా ఏడు ఎక్కడికి పోయాయో సెలవిస్తారా? మిల్లీఆంపియరంటే తమకు చిల్లరేమో గానీ, ఒక్కోదానికి సెకనుకు 6 పక్కన 15 సున్నాలు పెట్టినన్ని ఎలక్ట్రాన్లు సామీ! ఆ 20లో, ఎలక్ట్రాన్లు పుట్టే సోర్సు వైపు ఎదురొచ్చే పాజిటివ్ అయాన్లూ, దారిలో ఎలక్ట్రోడుకు తగిలి ఆగిపోయే ఎలక్ట్రాన్లూ కలిసే ఉంటాయని నాకూ తెలుసు. ఆ వంకతో ఒకటో రెండో వదిలేస్తాను. ఏడా?

మా ఊళ్లో కొండమీద హుండీ ఉంది. అందులో పడింది అందులోనే ఉంటుంది. తమరి అడుగున మాత్రం పడిందాంట్లో కొంత అప్పుడే బయటికి ఎగురుతుంది. ఎలక్ట్రాన్ వచ్చి తగలగానే రాగిలోంచి 50 ఎలక్ట్రాన్ వోల్టుల లోపు శక్తితో సెకండరీ ఎలక్ట్రాన్లు లేస్తాయి. సరే, వాటికి మందుంది. మూతి దగ్గర మైనస్ 100 వోల్టుల రింగు పెడితే వెనక్కి తిరుగుతాయి. మరి తగిలిన ఎలక్ట్రానే చాలావరకు తన శక్తితోనే ఎదురు తిరిగితే? 15 వేల వోల్టుల ఊపులో వచ్చింది నా రింగును లెక్కచేస్తుందా? రాగి మీద పడ్డ నూటికి 30 దాకా అలాగే తిరుగుముఖం పడతాయి. గ్రాఫైట్ మీదైతే ఆరేడు. గ్రాఫైటు ముక్కకు ఎప్పుడో ఇండెంట్ పెట్టాను. ఫైలు ఏ టేబుల్ మీద ఉందో ఆ ఏడుకొండలవాడికే తెలియాలి.

ఇంతవరకూ ఓర్చుకున్నాను. చాంబర్‌లో గ్యాస్ కాస్త పెంచగానే తమరు ఏకంగా 22 చూపించారు. ఇచ్చిందానికన్నా ఎక్కువ! ఇక తమరూ లేదు గిమరూ లేదు. నీకేమన్నా పిచ్చా? టంగ్‌స్టన్ ఫిలమెంటు మాడిపోయే నాసిరకం వాక్యూమ్‌లోనూ పనిచేస్తుందనే కదా మేం ప్లాస్మా కాథోడ్ పెట్టుకున్నది, అంటే అయాన్లూ ఎలక్ట్రాన్లూగా విడిపోయిన గ్యాసులోంచి (ప్లాస్మాలోంచి) ఎలక్ట్రాన్లను లాగే సోర్సు. దాని పని అది చక్కగా చేస్తోంది. బీము దారిలో ఉన్న గ్యాసును అయనీకరిస్తే అక్కడ ఇంకో ప్లాస్మా పుడుతుంది, సహజం. ఆ ప్లాస్మాలోని ఎలక్ట్రాన్లను కూడా బీములోవే అని నువ్వెందుకు లెక్కేస్తావు? వాటిని ఆపడానికి రింగు వోల్టేజ్ పెంచితే, పాజిటివ్ అయాన్లు రింగు మీదికి ఎగబడతాయి, కొన్ని నీలోకీ దూరి లెక్క తగ్గిస్తాయి, ఆ పైన మెరుపులా ఒక ఆర్కు. మీటరు బిగుసుకుపోతుంది. ఇంతలో కరెంటు పోతుంది. పంపు మళ్లీ మొదటినుంచి.

1895లో ఫ్రెంచి శాస్త్రవేత్త జీన్ పెర్రిన్ చేతిలో బుద్ధిగానే ఉన్నావట. కాథోడ్ కిరణాలు (అవీ ఎలక్ట్రాన్ల ధారే) మోసుకొచ్చేది రుణావేశమని ఆయనకు సాక్ష్యం చెప్పి పేరు కొట్టేశావు. ఎందుకు కొట్టేయవు? ఆయనకు కావలసింది గుర్తు, ప్లస్సా మైనస్సా అని. నాకు కావలసింది లెక్క. నా థీసిస్‌లో 'మైనస్' అని రాసి సంతకం పెట్టమంటే గైడ్ గారు పెడతారా?

నిన్ను వదిలించుకుందామనీ చూశాను. బీము చుట్టూ తొడిగే రోగోవ్‌స్కీ కాయిల్ అనే తీగచుట్టకు కరెంటు మారుతుంటేనే కనబడుతుంది. పల్సు బీమైతే భేష్, నా బీము నిలకడగా పారేది. బీము పడే చోట నీళ్లు పారించి వేడి కొలుద్దామంటే, ఎదురు తిరిగినవి శక్తినీ పట్టుకుపోతాయి. పైగా వాట్లు తెలిసినా, వాటిలోంచి ఆంపియర్లు రాబట్టడానికి మళ్లీ లెక్కలు. అటు తిరిగి ఇటు తిరిగి నీ దగ్గరికే రావాలి. నీకా సంగతి తెలుసు, అందుకే ఈ పొగరు.

రేపు చాంబర్ విప్పుతున్నాను. నీ మూతి ఇరుకు చేయిస్తా, లోతు పెంచుతా. వర్క్‌షాప్ అన్నను బతిమాలుకుని ఎక్కడైనా పాత గ్రాఫైటు దొరికితే అడుగున వేయిస్తా. ఆ తర్వాత గ్యాస్ పెంచినా తగ్గించినా ఒకే మాట మీద నిలబడు. లేదంటే నిన్ను పాత సామాన్లవాడికి తూకానికి వేస్తా. రాగి రేటు బాగుందని విన్నాను.

ఇట్లు,
తిరుపతి నుంచి ఒక రీసెర్చ్ స్కాలర్