హోప్ ఐలాండ్‌ని కాపాడుతున్న వాట్సాప్ గ్రూపు

కాకినాడని హోప్ ఐలాండ్ కాపాడుతుంది. బంగాళాఖాతం నుంచి వచ్చే అలల దెబ్బ తాను కాసుకుని, వెనకనున్న రేవుని చల్లగా చూస్తుంది. ఈ సంగతి మా ఊళ్లో చిన్నపిల్లాడినడిగినా చెప్తాడు. మరి ఆ హోప్ ఐలాండ్‌ని కాపాడుతున్నదెవరు? అటవీశాఖ అని మీరనుకుంటే కొంతవరకే నిజం. అసలు పని చేస్తున్నది ఇరవై ముగ్గురు సభ్యులున్న మా వాట్సాప్ గ్రూపు. పదమూడు నెలలుగా, ఒక్క రూపాయి గ్రాంటు లేకుండా, అక్కడ క్యాంపింగ్ జరగకుండా మేం ఆపుతున్నాం. ఈ సేవని ఇంతవరకూ ఎవరూ గుర్తించలేదు కాబట్టి నేనే రాసుకోవాల్సి వస్తోంది.

మొదలైంది ఒక రీల్‌తో. అందులో ఒక పడవ, ఒక గుడారం, నెగడు పక్కన గిటార్ పట్టుకున్న ఒక గడ్డపు మనిషి. అది చూసి మావాడొకడు రాత్రి పదకొండింటికి మెసేజ్ పెట్టాడు: "ఒరేయ్, ఎవడూ లేని దీవికి పోయి రెండు రాత్రులు ఉండొద్దాం. ఫోన్ల గోల, మనుషుల గోల ఉండకూడదు." ఎవడూ లేని చోటికి వస్తామని అరగంటలో ఇరవై ముగ్గురం తేలాం.

కాకినాడలో ఉంటున్నది నేనొక్కణ్ణే కాబట్టి ఏర్పాట్లు నా నెత్తిన పడ్డాయి. సభ్యుల కోరికలు సేకరించాను. మనుషులు ఉండకూడదు గానీ వంటవాడు ఉండాలి. ఫోన్లు ముట్టుకోకూడదు గానీ సిగ్నల్ ఉండాలి, చార్జింగ్ పాయింట్ తప్పనిసరి. ఒకడికి మోకాలు నొప్పి, వాడికి వెస్ట్రన్ టాయిలెట్ కావాలి. "అక్కడ జాలర్ల కుటుంబాలు ఉంటున్నాయిరా, మీరనుకున్నంత నిర్మానుష్యం కాదు" అని చెప్పాను. "వాళ్లు పర్లేదు, చేపలు వండిపెడతారు" అన్నారు. వాళ్లని అడిగారా అని అడిగితే ఎవడూ జవాబివ్వలేదు, బొటనవేలు గుర్తులు మాత్రం నాలుగొచ్చాయి.

తర్వాత తేదీల చర్చ. దీని ముందు నదీజలాల పంచాయితీ కూడా చిన్నదే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పుతీరంలో చేపలవేట నిషేధం, తాజా చేప లేని దీవి ఎందుకన్నారు. ఆ తర్వాత వానలు. అక్టోబర్, నవంబర్‌లు తుపాన్ల నెలలు. పక్కనే ఉన్న కోరంగిని 1839 నవంబర్‌లో వచ్చిన తుపాను ఊడ్చేసిన కథ నేను చెప్పడం పొరపాటైంది, డాలస్‌లో ఉన్నవాడు వెంటనే ట్రావెల్ ఇన్సూరెన్స్ గురించి మూడు వాయిస్ మెసేజ్‌లు పెట్టాడు. కార్తీకంలో సగం మంది నీచు ముట్టరు. సంక్రాంతికి కోడిపందేలు వదిలి ఏ గోదావరివాడూ కదలడు. మార్చి అంటే పిల్లల పరీక్షలు, ఆడిటింగు. అన్నీ తీసేస్తే సంక్రాంతికీ శివరాత్రికీ మధ్య ఒక మంగళవారం మిగిలింది. మంగళవారం ప్రయాణం పెట్టుకోకూడదని ఒకరి అత్తగారు అన్నారట. ఆవిడ గ్రూపులో లేరు. అయినా ఆవిడ మాటే నెగ్గింది.

ఈలోగా కూకట్‌పల్లిలో ఉన్నవాడు ఉత్సాహం ఆపుకోలేక నలుగురు పట్టే టెంటు కొనేశాడు. రిహార్సల్ అని ఫ్లాట్‌లో హాలు మధ్య వేశాడు. వేయడానికి వీడియో ఉంది, మడతపెట్టడానికి కూడా ఉందిగానీ అందులో మనిషి చేతులు మరీ తొందరగా కదులుతాయట. ఇప్పుడు వాళ్ల పిల్లలు అందులోనే హోంవర్క్ చేసుకుంటున్నారు. దీవిలో ఇసుకలో మామూలు మేకులు నిలవవు, పొడవాటివి కావాలి, లేదా సంచుల్లో ఇసుక నింపి తాళ్లు కట్టాలి అని చెప్తే, "మా హాల్లో సోఫా కాళ్లకి కట్టాం, బాగానే ఆగింది" అన్నాడు.

ఇక అసలు అడ్డంకి తాబేళ్లు. చలికాలం చివర, మాకు వాతావరణం కుదిరే రోజుల్లోనే, ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఈ తీరానికొస్తాయి. ఎక్కడెక్కడి సముద్రమో దాటి, రాత్రిపూట ఒడ్డెక్కి, వెనక కాళ్లతో అడుగున్నర గొయ్యి తవ్వి, వంద దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, పొట్టతో అదిమి, తిరిగి నీళ్లలోకి వెళ్లిపోతుంది ఆ తల్లి. గంట పని. గ్రూపు లేదు, పోల్ లేదు, అడ్వాన్సు లేదు. సుమారు రెండు నెలలకి పిల్లలు బయటికొచ్చి, వెలుతురు ఎటుంటే అటు పరిగెడతాయి. చీకటి ఒడ్డు మీద సముద్రమే కాస్త తెల్లగా కనిపిస్తుంది కాబట్టి ఆ లెక్క సరిపోతుంది. మధ్యలో మా నెగడు, మా సీరియల్ లైట్లు, మావాడు తెస్తానన్న డీజే బాక్సు ఉంటే అవి సముద్రం వదిలి మా బిర్యానీ డేగిశా దగ్గరికొస్తాయి. ఇది వివరంగా రాసిపెట్టాను. "సూపర్ రా, రీల్‌కి బాగుంటుంది" అని జవాబొచ్చింది.

ఆ క్షణంలోనే నాకు మా గ్రూపు విలువ అర్థమైంది. వీళ్లు నిజంగా వస్తే ఏమయ్యేది? కోరంగి అభయారణ్యంలో మడచెట్లు నాటడానికి, నీటిపిల్లుల్ని లెక్కపెట్టడానికి ఎంతోమంది కష్టపడతారు. అంతకంటే చౌకైన మార్గముంది. సుందరమైన ప్రతి చోటుకీ ఇలాంటి గ్రూపు ఒకటి పెట్టించి, తేదీలు తేల్చమంటే సరి. లక్నవరం, సోమశిల, పాపికొండలు అన్నీ పదికాలాలు పచ్చగా ఉంటాయి.

ఒక్క విషయంలో మాత్రం నాకు వెటకారం రాదు. లైఫ్ జాకెట్ వేసుకుంటే చొక్కా కనపడదని ఒకడన్నాడు. 2019 సెప్టెంబర్ 15న పాపికొండలకి బయల్దేరిన పడవ కచ్చులూరు దగ్గర మునిగింది. యాభైమందికి పైగా పోయారు. మా గోదావరిలోనే. ఆ చొక్కావాణ్ణి గ్రూపులోంచి తీసేశాను. మర్నాడు ఎవరో మళ్లీ చేర్చారు.

ఆలస్యమైందని మమ్మల్ని దెప్పేవాళ్లకి ఒక మాట. ఆ దీవి కూడా ఒక్క రోజులో పుట్టలేదు. గోదావరి ఇసుకా ఒండ్రూ మోసుకొచ్చి పోయగా పోయగా, దాదాపు రెండొందల ఏళ్లకి పదహారు కిలోమీటర్ల దిబ్బ తేలింది. పైగా దాని పేరే ఆశ. మాకింకా టైముంది.

అయినా బాధ్యత కొద్దీ మొన్న బోటు సరంగుకి ఫోన్ చేశాను. వచ్చే నెల ఖాయమనీ, అటవీశాఖ పర్మిషన్ నేను చూసుకుంటాననీ చెప్పాను.

"ఆయ్, అలాగేనండి. ఎంతమందండి?"

"నలుగురి నుంచి ఇరవై ముగ్గురి దాకా."

"ఆయ్."

"నా నంబరు రాసుకోండి, పేరు చెప్తాను."

"అక్కర్లేదండి, పోయినేడే ఎక్కించుకున్నానండి. రాని బాబుగారు అని ఉందండి."