వేదికపై వీరనారి, కోర్టులో ప్రతివాది

నేడు (2024 డిసెంబరు 7) సాయుధ దళాల పతాక దినోత్సవం. 1949 నుంచి ఏటా డిసెంబరు 7న జరుగుతున్న తంతు ఈసారీ జరుగుతుంది. నేతల చొక్కాలకు చిన్న జెండాలు గుచ్చుతారు, విరాళాల డబ్బాలు తిరుగుతాయి, అమర జవానుల భార్యలను వేదికపైకి పిలిచి శాలువాలు కప్పుతారు. ఆ జెండా గుచ్చించుకునే ముందు ఢిల్లీ పెద్దలు, ఒక జవాను భార్య పింఛనుపై అప్పీలుకు వెళ్లినందుకు నాలుగు రోజుల కిందట సుప్రీంకోర్టు తమకే విధించిన రూ.50 వేల ఖర్చుల ఉత్తర్వును ఒక్కసారి చదువుకుంటే బాగుంటుంది.

2013 జనవరిలో నియంత్రణ రేఖ వెంట గడ్డకట్టే చలిలో గస్తీ తిరుగుతూ ఒక జవాను ప్రాణం విడిచాడు. అతని మరణాన్ని మొదట యుద్ధంలో జరిగిన మరణం (బాటిల్ క్యాజువాలిటీ)గానే నమోదు చేసిన సైన్యం, గుండె ఆగి చనిపోయాడు కాబట్టి ఆ జాబితాలోకి రాడంటూ తర్వాత మాట మార్చింది. ఫలితంగా చివరి జీతానికి సమానంగా అందాల్సిన సరళీకృత కుటుంబ పింఛనుకు బదులు, అందులో 60 శాతమే ఇచ్చే ప్రత్యేక కుటుంబ పింఛను అతని భార్య చేతిలో పెట్టారు. 2019 ఆగస్టులో సాయుధ దళాల ట్రైబ్యునల్ ఆమె పక్షాన తీర్పు చెప్పింది. అక్కడితో ముగియాల్సిన వ్యవహారాన్ని కేంద్రం అత్యున్నత న్యాయస్థానానికి ఎక్కించింది. ఆమెను ఇక్కడిదాకా ఈడ్చుకురావాల్సింది కాదని జస్టిస్ అభయ్ ఓకా, జస్టిస్ అగస్టిన్ జార్జ్ మసీహ్‌ల ధర్మాసనం కేంద్రాన్ని మందలించి, అప్పీలును కొట్టివేసి, రెండు నెలల్లోగా ఆమెకు ఆ రూ.50 వేల ఖర్చులు చెల్లించాలని ఆదేశించింది.

ప్రజాధనానికి ప్రభుత్వం కాపలాదారు కనుక ప్రతి క్లెయిమునూ నిబంధనల గీటురాయిపై పరీక్షించక తప్పదన్న వాదన ఉంది. వైకల్య పింఛన్లలో దుర్వినియోగం జరుగుతోందన్న ఆరోపణలూ లేకపోలేదు. దుర్వినియోగాన్ని పట్టుకోవలసిందే. మంచులో గస్తీ తిరిగి శవమై వచ్చినవాడి ఇంట్లోనా దాన్ని వెదకడం?

సైన్యం ఈమెలాంటి స్త్రీలను గౌరవంగా ‘వీరనారి’ అంటుంది. అదే ప్రభుత్వం దాఖలు చేసిన కాగితాల్లో ఆమె పేరు ‘ప్రతివాది’. ఒకే ప్రభుత్వానికి ఈ రెండు నాలుకలు ఎక్కడివి? ఇదేదో ఒక గుమాస్తా పొరపాటని సరిపెట్టుకోవడానికీ లేదు. సర్వీసులో చేరేనాటికి ఆరోగ్యంగా ఉన్న జవానుకు తర్వాత జబ్బు చేస్తే అది సర్వీసు వల్లనే వచ్చిందని భావించాలని, కాదనేటట్లయితే రుజువు చేయాల్సిన భారం ప్రభుత్వానిదేనని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. 2014 డిసెంబరులో వైకల్య పింఛన్లపై కేంద్రం వేసిన అప్పీళ్లను కట్టకట్టి తోసిపుచ్చింది. మరుసటి ఏడాది రక్షణ మంత్రి మనోహర్ పారికర్ స్వయంగా నియమించిన నిపుణుల కమిటీ సైతం యాంత్రికంగా అప్పీళ్లకు వెళ్లడం మానుకోవాలని హితవు పలికింది. అయినా ఫైళ్లు కదులుతూనే ఉన్నాయి, ప్రభుత్వ న్యాయవాదులు హాజరవుతూనే ఉన్నారు. జవాను భార్యకు వకీలు ఫీజు భారం; ప్రభుత్వానికి ఆ చింత లేదు, ఎందుకంటే ఆ ఫీజు కట్టేదీ మనమే!

ఇంటికొకరు సైన్యంలోకి వెళ్లిన ఊరిగా పేరుపడ్డ పశ్చిమ గోదావరిలోని మిలటరీ మాధవరాన్ని, గాల్వాన్‌లో నేలకొరిగిన కర్నల్ సంతోష్‌బాబును కన్న సూర్యాపేటను తలచుకుని తెలుగువారు గర్వపడతారు. టీవీల్లో అందరూ చూసిన అమరుడి ఇంటికి మంత్రులు కదిలివస్తారు, సాయం వెంటనే అందుతుంది, అందాల్సిందే. ఏ కెమెరాకూ చిక్కకుండా గస్తీలో కుప్పకూలినవాడి కుటుంబం సంగతేమిటి? ట్రైబ్యునల్‌లో గెలిచినా ఢిల్లీ దాకా లాగుతారన్న భయం ఒకసారి పాకితే, తమకు న్యాయంగా రావాల్సిన దాన్ని అడగడానికే ఎన్ని కుటుంబాలు జంకుతాయో రక్షణ శాఖ ఆలోచించిందా? వేదికపై శాలువా, వెనకాల అప్పీలు! ఈ కపటం ఇకనైనా ఆగాలి.

ఆ రూ.50 వేలు చెల్లించడానికి రెండు నెలల గడువు అక్కర్లేదు, ఈ వారంలోనే ఇవ్వవచ్చు. అది ఖజానా నుంచి కాదు, ఈ అప్పీలుకు అనుమతిస్తూ సంతకం పెట్టిన అధికారి జీతం నుంచి రావాలి. ఆ సంతకం ఎవరిదో రక్షణ శాఖ బయటపెట్టాలి. ఆ పని చేతకాకపోతే, కనీసం ఈ రోజు చొక్కాకు జెండా గుచ్చుకుని ఫొటోలు దిగకుండా ఉండాలి.