మహారాజశ్రీ మైక్రోసెకను పొదుపు గారికి

ఉభయకుశలోపరి అని రాద్దామంటే నెలాఖరు బ్యాచ్ (నెల లెక్కలన్నీ ఒకేసారి తేల్చే ప్రోగ్రామ్) ఇంకా నడుస్తూనే ఉంది. కాబట్టి నేరుగా విషయానికొస్తాం: కోడ్‌లో రెప్పపాటు మిగల్చాలనే మీ యావ గురించి.

రెండుతో భాగించాల్సిన చోటల్లా సంఖ్యలోని బిట్లను (0, 1 అంకెలను) కుడికి జరిపారు. పక్కనే ‘వేగం కోసం’ అని కామెంటు కూడా పెట్టారు. తమరి శ్రద్ధకు జోహార్లు. ఆ పని కంపైలర్ (మన కోడ్‌ను యంత్రభాషలోకి మార్చేది) ఏనాటి నుంచో తనంతట తనే చేసుకుంటోంది, మైనస్ సంఖ్యలకు కావాల్సిన సవరణతో సహా. మీరు వదిలేసింది ఆ సవరణనే. జావాలో −7ను 2తో భాగిస్తే −3, ఒక బిట్ కుడికి జరిపితే −4. అమ్మకాలన్నీ ప్లస్‌లో ఉన్నంతకాలం మీ పేరు ఎవరికీ తెలియదు. రిఫండ్లు మొదలయ్యాక ఆడిటర్లే మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తారు.

ఎనిమిది అవును-కాదులను ఒకే నంబరులో కుక్కి రికార్డుకు ఏడు బైట్లు మిగిల్చారు. మూడో బిట్ అంటే పన్ను మినహాయింపు అని తెలిసిన ఒక్కగానొక్క మనిషి ఉద్యోగం మారిపోయాడు. పైగా ఆ బిట్ మీద షరతు పెడితే మామూలు ఇండెక్స్ (త్వరగా వెతకడానికి ఉంచే సూచిక) అక్కరకు రాదు. డేటాబేస్ టేబుల్ మొత్తం మొదటి నుంచి చదువుకుంటూ పోతుంది. (ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే డేటాబేస్‌లో ఎనిమిది బిట్ కాలమ్‌లు పెడితే అదే వాటిని ఒక బైటులో సర్దేస్తుంది. మీ చెయ్యి అవసరమే లేదు.)

మీరు మొదటి నుంచీ ఇంతేనని అనం. 80 నిలువు వరుసల పంచ్ కార్డు మీద సంవత్సరానికి రెండంకెలే ఇవ్వడంలో అర్థముంది. కార్డులు పోయాక కూడా అలాగే ఉంచినందుకే 2000 వచ్చేసరికి ప్రపంచమంతా పాత కోడ్ తవ్వుకోవాల్సొచ్చింది. కోబాల్ భాషలో అంకెలను కుదించి దాచే కాంప్-3 సంగతి వేరు: తొమ్మిదంకెల మొత్తం, గుర్తుతో సహా, అయిదు బైట్లలో పడుతుంది. పైసా తేడా రాదు. పొదుపంతా డిక్లరేషన్‌లోనే (వేరియబుల్‌ను ప్రకటించే చోటే) కనిపిస్తుంది, కింద లెక్క మామూలు లెక్కలాగే ఉంటుంది. అలాంటి పొదుపుకు మేం దండం పెడతాం.

ఇక బ్యాచ్ ఎందుకు ఆలస్యమంటారా? లూపులో ఒక్కో ఇన్వాయిస్‌కు డేటాబేస్‌ను అడిగే ఒక్కో క్వెరీ. పోయి రావడానికి రెండు మిల్లీసెకన్లే అనుకున్నా, లక్ష ఇన్వాయిస్‌లకు 200 సెకన్లు. మీ బిట్ విద్య ఒక్కోసారికి ఒక నానోసెకను మిగిల్చిందనుకుందాం: లక్షకు కలిపి 0.1 మిల్లీసెకను! కన్నం వేసిన వాణ్ణి వదిలేసి కాళ్లు కడుక్కున్న వాణ్ణి పట్టుకున్నట్టు లేదూ? ఆ లూపును ఒక్క జాయిన్‌గా (టేబుళ్లను కలిపి ఒకేసారి అడిగే క్వెరీగా) మారిస్తే కోడ్ చిన్నదవుతుంది, చదవడమూ సులువే.

రికార్డుకో కమిట్ (మార్పును ఖాయం చేయడం) కూడా మీ శిష్యుల పనేనట. ప్రతి కమిట్‌కూ లాగ్ (మార్పుల చిట్టా) డిస్కుకు చేరేదాకా ఆగాలి. అలాగని అన్నీ అయ్యాక ఒకేసారి చేస్తే అప్పటిదాకా ఆ రికార్డులను ఇతరులు మార్చకుండా వేసిన లాకులు వదలవు. వెయ్యికోసారి చేయండి. ఎక్కడిదాకా అయిందో ఆ రికార్డు కీని (గుర్తింపును) అదే కమిట్‌లో రాసిపెట్టండి. లేకపోతే మధ్యలో ఆగిన జాబ్‌ను మళ్లీ నడిపినప్పుడు కొందరి ఖాతాల్లో డబ్బు రెండుసార్లు పడుతుంది.

ఈసారి దయచేసేటప్పుడు ప్రొఫైలర్ (ఏ కోడ్‌కు ఎంత సమయం పడుతోందో కొలిచే పనిముట్టు) అంకెలు వెంట తెచ్చుకోండి. మీరు తీసేసే నిదానపు కోడ్‌ను టెస్టుల్లో ఉంచండి, రెండింటి జవాబులూ రిఫండ్లతో కూడా సరిపోలాలి. జవాబు రాసేటట్టయితే వేరియబుల్ పేర్లు పూర్తిగా రాయగలరు. ‘టెంప్3’ అని కనిపిస్తే ఉత్తరం తిప్పి పంపుతాం.

ఇట్లు,
మెయింటెనెన్స్ విభాగం