పాత టూ స్ట్రోక్‌ని తిట్టేముందు ఆ మాగ్నెట్ పక్క సీల్ చూడండి

టాప్ ఎండ్ (సిలిండర్, పిస్టన్ ఉండే పై భాగం) కొత్తది, పిస్టన్ వేసి పది గంటలు కూడా నడపలేదు అని చెప్పి అమ్మాడతను, నేనూ నమ్మి కొనేశా. లాస్ ఏంజెలెస్ దగ్గర ఉంటున్న రోజులవి. తొంభైల నాటి జపాన్ 250 సీసీ డర్ట్ బైక్, కొన్న మూడో ఆదివారమే మొజావీ ఎడారిలో జాన్సన్ వ్యాలీ ఇసుకలో ఫుల్ థ్రాటిల్ మీద ఉండగా ఇంజన్ పట్టేసింది, వెనక చక్రం బిగుసుకుపోయింది, అప్పటికే వేలు క్లచ్ మీద ఉంది కాబట్టి పడలేదు. మా రూమ్మేటూ నేనూ ఆ ఎండలో ట్రక్కు దాకా తోసుకుంటూ వచ్చాం.

ఇక అందరిదీ ఒకటే మాట, పాత టూ స్ట్రోక్ అంటే అంతే, నమ్మలేం, ఫోర్ స్ట్రోక్ తీసుకోరా అని. ఈ మాటతోనే నాకు పేచీ.

టూ స్ట్రోక్‌లో పెట్రోలు, గాలి, ఆయిల్ కలిసిన మిక్స్ ముందు క్రాంక్‌కేస్‌లోకే, అంటే పిస్టన్ కింద క్రాంక్ తిరిగే గదిలోకే వస్తుంది, పిస్టన్ కిందకి దిగుతూ దాన్ని పైకి నెడుతుంది. అంటే ఆ కేస్‌లోకి బయటి గాలి చుక్క కూడా దూరకూడదు, దూరకుండా కాపాడేది క్రాంక్ రెండు వైపులా ఉండే రెండు చిన్న రబ్బరు సీల్స్. బైక్ ఏళ్ళతరబడి మూల పడుంటే అవి ఎండి గట్టిపడిపోతాయి. క్లచ్ వైపుది పోతే గేర్ ఆయిల్ లాగేసి తెల్ల పొగ కక్కుతుంది, ప్లగ్ తడిసిపోతుంది, కనీసం మనకి తెలుస్తుంది. కరెంటు పుట్టించే మాగ్నెట్ వైపుది పోతే మాత్రం గాలి లాగి మిక్స్ పల్చబడుతుంది, అంటే గాలికి తగ్గ పెట్రోలు ఉండదు, బండి ఇంకా చురుగ్గా ఉన్నట్టే అనిపిస్తుంది, లోపల వేడెక్కి పిస్టన్ సిలిండర్ బోరుకి కరుచుకుంటుంది. నా బండిలో జరిగింది ఇదే, విప్పి చూస్తే పిస్టన్ నిజంగానే కొత్తది, సీల్ చెక్కముక్కలా ఉంది. అంటే అంతకుముందు పిస్టన్ కూడా ఇలాగే పోయుంటుందని, అసలు కారణం వెతక్కుండా కొత్తది వేసేశారని నా గట్టి నమ్మకం.

ఇంజన్‌లోకి ఓ 6 పీఎస్ఐ గాలి పట్టి కొన్ని నిమిషాలు నిలుస్తుందో లేదో చూస్తే బయటపడే రోగం ఇది. సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్ళు టాప్ ఎండ్ ఎప్పుడు చేశారు అని కాకుండా ఈ లీక్ టెస్ట్ చేశారా అని అడగాలి.

మిగతా తలనొప్పులు లేవని కాదు. పొగ బయటికెళ్ళే దారిలోని పవర్ వాల్వ్‌కి మసి పడుతుంది, మిక్స్‌ని లోపలికి వదిలే పల్చటి రేకు, అదే రీడ్, అంచు విరిగితే కిక్ కొట్టి కొట్టి కాలు పోతుంది, కొండ ఎక్కితే కార్బురేటర్‌లో పెట్రోలు కొలిచే జెట్ మార్చాలి. ప్రీమిక్స్ బండిలో (ఆయిల్ ముందే పెట్రోల్లో కలిపి పోసేది) ఆయిల్ వచ్చేదే పెట్రోలుతో, అందుకే పొడుగు దిగుడులో థ్రాటిల్ పూర్తిగా మూసేసి రాకూడదు, మధ్యమధ్యలో క్లచ్ పట్టి ఒకసారి రేజ్ ఇవ్వాలి. స్పేర్ పార్ట్స్ సంగతి బ్రాండ్‌ని బట్టి. యమహా వైజెడ్ 125, 250 ఇప్పటికీ తయారవుతున్నాయి, హోండా మాత్రం 2007 మోడళ్ళతో సీఆర్ టూ స్ట్రోక్‌లు ఆపేసింది, ఆ పాత బళ్ళు ఉంచుకున్నోళ్ళ ఓపికకి దండం పెట్టాలి.

మనూళ్ళో 1996లో ఆగిపోయిన ఆర్ఎక్స్ 100ని ఇంకా ప్రాణంగా చూసుకునేవాళ్ళకీ ఇదే చెప్తా. ఇప్పుడు బంకుల్లో వచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోలు మిక్స్‌ని ఇంకాస్త పల్చన చేస్తుంది, పాత రబ్బరుకీ మంచిది కాదు, బోరు కొట్టించే ముందు సీల్స్ మార్పించండి. చిన్నప్పుడు ఖమ్మంలో నాన్న బండి షెడ్డులో విప్పి పెడితే కాలిన 2టీ ఆయిల్ వాసన కోసమే స్కూలు నుంచి అటు తిరిగి వెళ్ళేవాణ్ణి.

సీల్స్, పిస్టన్ రెండూ మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోనే మార్చాం, రూమ్మేట్ టార్చ్ పట్టుకున్నాడు. 32 పాళ్ళ పెట్రోలుకి ఒక పాలు ఆయిల్ కలిపి రెండో కిక్‌కే స్టార్ట్ చేస్తే వాడు పొగలోకి మొహం పెట్టి "ఒరేయ్, ఇది మీ నాన్న బండి వాసనేరా" అన్నాడు.