సవరణ: లాక్స్‌టన్ పొలాలు ఊరుమ్మడి భూములు కావు

కంచెల్లేని పెద్ద పొలాలను పట్టీలుగా (సన్నని పొడవాటి ముక్కలుగా) పంచుకుని సాగుచేసే మధ్యయుగపు పద్ధతి ఇంకా మిగిలిన ఊరు ఇంగ్లాండులోని లాక్స్‌టన్ (నాటింగ్‌హమ్‌షైర్). దాని గురించిన ముందు పోస్టులో మూడు విషయాలు సరిచేయాలి.

పొలాలు ఊరందరి ఉమ్మడి ఆస్తి అని రాశాం. కాదు. కంచె లేనంత మాత్రాన హక్కుదారు లేడని కాదు: ప్రతి పట్టీకీ ఒక కౌలు రైతు ఉంటాడు. ఈ భూములున్న ఎస్టేటు యాజమాన్యం 1952లో వ్యవసాయ మంత్రిత్వ శాఖకు, 1981లో క్రౌన్ ఎస్టేటుకు (బ్రిటిష్ రాచరికపు ఆస్తులను చూసే సంస్థ), 2020లో థోర్స్‌బీ ఎస్టేటుకు (ప్రైవేటు ఎస్టేటు) మారింది.

రెండోది, పంట మార్పిడి, తనిఖీ. బీడు పొలాన్ని తనిఖీ చేస్తారని రాశాం, అదీ తప్పే. వెస్ట్, మిల్, సౌత్ అనే మూడు పెద్ద పొలాల్లో ఒకదాంట్లో చలికాలపు గోధుమ, ఇంకోదాంట్లో వసంతంలో వేసే పంట, మూడోది బీడు. ఏటా వంతు మారుతుంది. జ్యూరీ (హద్దులు చూసే ఊరి రైతుల బృందం) తనిఖీ చేసేది బీడును కాదు, గోధుమ విత్తిన పొలాన్ని. కారణం తేలికే: ఆక్రమణ జరిగేది దుక్కిలో. నాగలి ఒక్క చాలు పక్కకు జరిగితే దారో, సైక్ అనే పల్లపు గడ్డి నేలో తగ్గిపోతుంది. నవంబరు చివర్లో జ్యూరీ పొలమంతా నడిచి చూసి హద్దు కొయ్యలు పాతుతుంది, తప్పు చేసినవారి జరిమానా వారం తర్వాత కోర్ట్ లీట్ అనే పాతకాలపు ఊరి న్యాయసభలో తేలుతుంది. సొమ్ము చిన్నదే, కానీ పొరుగువాళ్ల ముందు పేరు చదువుతారు!

ఇక మూడోది: మధ్యయుగం నుంచీ ఏమీ మారలేదని రాయడం అతిశయోక్తి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో చిన్న పట్టీలను కలిపి పెద్దవి చేశారు. పాత పట్టీల లెక్క కావాలంటే మార్క్ పియర్స్ 1635లో గీసిన పటం చూడాలి. అది ఊళ్లో లేదు, ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ గ్రంథాలయంలో ఉంది.