గోదావరి వంతెనల ఫార్వర్డ్‌కి నా జవాబు

కొవ్వూరు మిత్రులు, కోనసీమ చుట్టాలు, అందరూ ఈమధ్య ఒకటే మెసేజ్ పంపుతున్నారు. "రాజమండ్రి వంతెనలన్నీ కాటన్ దొర కట్టించినవే. కట్టిన లండన్ కంపెనీ, వందేళ్ల గడువు తీరింది, ఇక మా పూచీ లేదని ఉత్తరం రాసింది. ఆ కంపెనీ ఎప్పుడో మూతపడింది, దాని పనులేవీ మిగల్లేదు. మన రోడ్డు-రైలు వంతెన ఆసియాలోకెల్లా పొడవైనది. పాత వంతెనను తుక్కుకి అమ్మనివ్వకండి."

కాటన్ 1899లో పోయారు. రాజమండ్రిలో అన్నిటికన్నా పాతదైన హేవలాక్ రైలు వంతెన మీద రైళ్లు మొదలైంది 1900లో. ఆనకట్ట ఆయనది, వంతెనలు కావు. పొడవంటారా, అస్సాంలో బోగీబీల్ రోడ్డు-రైలు వంతెన దాదాపు 5 కిలోమీటర్లు, మనదానికన్నా పొడవు. అయిపోయింది.

ఉత్తరం సంగతి మాత్రం వదలను. మూతపడ్డ కంపెనీ ఉత్తరమెలా రాసిందండీ? ఏ ఊళ్లో పాత వంతెన ఉన్నా ఈ కథ వినిపిస్తుంది. మందుబిళ్లల అట్ట మీద వేసినట్టు వంతెనకి ఎక్స్‌పైరీ డేటు వేయరు. రైలు వెళ్లిన ప్రతిసారీ ఉక్కు మీద భారం పడి లేస్తుంది, ఏళ్లు గడిచేకొద్దీ అలసిపోతుంది. చెమ్మకి తుప్పు పడుతుంది. వరదొస్తే స్తంభాల కింది బావి పునాదుల చుట్టూ ఇసుక కోసుకుపోతుంది. ఇవన్నీ రైల్వే ఇంజనీర్లు దగ్గరుండి చూసి, రైలు వేగం తగ్గించాలో, గర్డర్లు (స్తంభాల మధ్య వేసే ఉక్కు దూలాలు) మార్చాలో తేలుస్తారు. హేవలాక్‌కి 1997లో విశ్రాంతి ఇచ్చారు, పక్కనే విల్లులాంటి కమాన్ల కొత్త వంతెన వచ్చాక. ఈ మెసేజ్ చదివాక మా మేనత్త రోడ్డు-రైలు వంతెన మీద బస్సెక్కాలంటే టెన్షన్ పడుతోంది. ఆ వంతెన 1974 నాటిది! కనీసం లెక్కయినా సరిచూసుకోరా?

దాన్ని కట్టింది లండన్ వాళ్లు కాదు, కోల్‌కతాకు చెందిన బ్రెయిత్‌వెయిట్ బర్న్ అండ్ జెస్సప్. మూడు కంపెనీలు కలిసి 1935లో పెట్టుకున్న సంస్థ. 1943లో తెరిచిన హౌరా వంతెనను నిలబెట్టిందీ వీళ్లే. ఇప్పటికీ కేంద్ర ప్రభుత్వ సంస్థగా పనిచేస్తోంది. పనులేవీ మిగల్లేదంటారా? రైల్లో రాజమండ్రి వైపు ఈ వంతెన దిగుతుంటే కిటికీలోంచి చూడండి, చివరి ఆరు గర్డర్లు ఒంపు తిరిగి ఉంటాయి. ఊరి ఇళ్లను తప్పించడానికి వేసిన వంపు అది. పైన బళ్లు, కింద రైళ్లు రోజూ పోతూనే ఉన్నాయి. ఇంతకన్నా ఏం మిగలాలి?

పాత వంతెనను తుక్కుకి అమ్మనివ్వకండి అన్న మెసేజ్ చివరి వాక్యం మాత్రం నూటికి నూరుపాళ్లూ ఒప్పుకుంటాను. హేవలాక్ 56 గర్డర్లూ, వాటి కింది రాతి స్తంభాలూ మనం కాపాడుకోవాల్సినవే. పంపాలనిపిస్తే ఆ ఒక్క వాక్యమే పంపండి.