చేతిలో ఉన్న కలాఫియోరిని ఎందుకు వదులుకున్నారు?

2022 ఆగస్టు చివర్లో రోమా క్లబ్ తన అకాడమీలోనే పెరిగిన ఇరవయ్యేళ్ల కుర్రాడిని స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌కు అమ్మేసింది. అప్పట్లో వచ్చిన వార్తల ప్రకారం ధర సుమారు 15 లక్షల యూరోలు. రెండేళ్లు నిండకముందే, 2024 జులైలో, అదే కుర్రాడి కోసం ఇంగ్లండ్ క్లబ్ ఆర్సెనల్ దాదాపు నాలుగున్నర కోట్ల యూరోలు పెట్టింది. బోనస్‌లు కలిపితే లెక్క అయిదు కోట్ల దాకా పోతుంది. రికార్డో కలాఫియోరి గురించి రాసేవాళ్లంతా దీన్ని పట్టుదలతో పైకొచ్చిన కుర్రాడి కథగా రాస్తున్నారు. అతని పట్టుదలను నేనూ తక్కువ చేయను. కానీ నాకు ఇందులో ఇటలీ ఫుట్‌బాల్ మీద వేయాల్సిన ఛార్జిషీటు కనిపిస్తోంది. సొంత పిల్లవాడి విలువ తెలుసుకోవడానికి ఆ దేశం ఎందుకింత ఆలస్యం చేసింది?

అతని ప్రయాణం చాలామందికి తెలిసిందే. రోమ్‌లో పుట్టాడు, రోమాలోనే ఆట నేర్చుకున్నాడు. 2018 అక్టోబరులో, పదహారేళ్ల వయసులో, యూత్ లీగ్‌లో చెక్ క్లబ్ విక్టోరియా ప్లజెన్‌తో ఆడుతుండగా మోకాలు ఛిద్రమైంది. లిగమెంట్లు, మెనిస్కస్ అనే మృదులాస్థి అన్నీ దెబ్బతిన్నాయి. అదే రాత్రి సీనియర్ జట్టు తరఫున హ్యాట్రిక్ కొట్టిన ఎడిన్ జెకో ఆ గోల్స్‌ను ఈ కుర్రాడికే అంకితమిచ్చాడు. దాదాపు ఏడాది తర్వాత మళ్లీ బూట్లు కట్టాడు. 2020 ఆగస్టు 1న జువెంటస్ మీద సీనియర్ జట్టులో తొలి మ్యాచ్, ఆ ఏడాది డిసెంబరులో స్విస్ క్లబ్ యంగ్ బాయ్స్ మీద దూరం నుంచి బాదిన తొలి గోల్. రోమా అభిమానులు మురిసిపోయారు.

తర్వాత వచ్చింది 2021 అక్టోబరు. నార్వేలో బోడో గ్లింట్ క్లబ్ చేతిలో రోమా 6-1తో చిత్తయింది. ఆ రాత్రి ఆడినవాళ్లు ఎక్కువమంది రెండో వరుస ఆటగాళ్లే, డిఫెన్స్‌లో ఎడమ అంచున, అంటే లెఫ్ట్ బ్యాక్‌గా, కలాఫియోరీ ఉన్నాడు. మ్యాచ్ అయ్యాక కోచ్ జోస్ మౌరిన్యో తన మొదటి వరుసకూ రెండో వరుసకూ స్థాయిలో చాలా తేడా ఉందని అందరి ముందే చెప్పేశాడు. పంతొమ్మిదేళ్ల డిఫెండర్‌కు ఇంకేం మిగులుతుంది? జనవరిలో జెనోవా క్లబ్‌కు అద్దెకు పంపారు. అక్కడా పెద్దగా ఆడనివ్వలేదు, పైగా ఆ సీజన్లో జెనోవా రెండో డివిజన్‌కు జారిపోయింది. ఆ వేసవిలోనే బాసెల్ ప్రయాణం.

బాసెల్ ఏమీ మాయ చేయలేదు. ఆడించింది, అంతే. వారం వారం మ్యాచ్, యూరోపియన్ కాన్ఫరెన్స్ లీగ్‌లో సెమీఫైనల్ దాకా ప్రయాణం. ఒక సీజన్ చాలింది. 2023లో సుమారు 40 లక్షల యూరోలిచ్చి బొలోన్యా క్లబ్ అతన్ని ఇటలీకి వెనక్కి తెచ్చుకుంది. అక్కడ కోచ్ తియాగో మోటా అతన్ని లెఫ్ట్ బ్యాక్ స్థానం నుంచి తీసి డిఫెన్స్ మధ్యలో, సెంటర్ బ్యాక్‌గా నిలబెట్టాడు. ఇక అతను బంతి తీసుకుని మిడ్‌ఫీల్డ్‌లోకి నడిచిపోతుంటే ఎదుటి జట్టుకు ఎవరు ఎవర్ని పట్టుకోవాలో అర్థమయ్యేది కాదు. మార్కర్ ముందుకొస్తే వెనక ఖాళీ, రాకపోతే పాస్‌కు ఖాళీ. ఆ సీజన్లో బొలోన్యా అయిదో స్థానంలో నిలిచింది. 1964 తర్వాత తొలిసారి యూరప్‌లోని అతిపెద్ద క్లబ్ టోర్నీలో అడుగుపెట్టే హక్కు సంపాదించింది. సీజన్ చివర్లో జువెంటస్‌తో 3-3 డ్రాగా ముగిసిన మ్యాచ్‌లో ఈ డిఫెండర్ రెండు గోల్స్ కొట్టాడు.

2024 యూరో కప్ నాటికి ఇటలీ అతని మీదే ఆధారపడే స్థితి. స్పెయిన్ మీద అతనికి తగిలే బంతి సొంత గోల్‌లోకి పోయింది, జట్టు 1-0తో ఓడింది. ఇంకొకరైతే తర్వాతి మ్యాచ్‌లో బంతి తీసుకోవడానికే జంకేవారు. క్రొయేషియా మీద ఇంజురీ టైమ్ ఎనిమిదో నిమిషం నడుస్తోంది, ఇటలీ 1-0తో వెనకబడి ఉంది. కలాఫియోరి తన సగం నుంచి బంతితో పరుగు తీసి సహచరుడు జకాన్యీకి అందించాడు. 98వ నిమిషంలో స్కోరు సమం, ఇటలీ నాకౌట్‌లోకి. కానీ ఆ మ్యాచ్‌లోనే అతనికి టోర్నీలో రెండో ఎల్లో కార్డు పడడంతో తర్వాతి మ్యాచ్‌కు సస్పెన్షన్. జూన్ 29న బెర్లిన్‌లో అతను లేని ఇటలీ స్విట్జర్లాండ్ చేతిలో 2-0తో ఇంటిదారి పట్టింది. తొలి గోల్ కొట్టిన రెమో ఫ్రాయిలర్ బొలోన్యాలో కలాఫియోరి సహచరుడే.

స్విట్జర్లాండ్ పేరు ఇక్కడ ఊరికే రాలేదు. ఇప్పుడు ఇంటర్ మిలాన్‌లో, జాతీయ జట్టులో ఎడమవైపు రాజ్యమేలుతున్న ఫెదెరికో దిమార్కో కూడా ఇంటర్ అకాడమీ బిడ్డే. అతన్నీ 2017లో స్విట్జర్లాండ్‌లోని సియోన్ క్లబ్‌కు అమ్మి, మళ్లీ ఏడాదికి కొనుక్కున్నారు. ఫార్వర్డ్ విల్‌ఫ్రెడ్ న్యోంటో పదహారేళ్లకే ఇంటర్ వదిలి జూరిక్ వెళ్లాడు, అక్కడ లీగ్ టైటిల్ గెలిచాడు, అక్కడి నుంచే ఇటలీ జట్టులోకి వచ్చాడు. ఇటలీ అగ్రశ్రేణి లీగ్ ‘సీరీ ఆ’ స్థాయికి దగ్గర్లో కూడా లేని లీగ్‌లో ఇటలీ పిల్లలు మ్యాచ్‌లు వెతుక్కుంటున్నారు. ఒక్కరైతే యాదృచ్ఛికం అనుకోవచ్చు, ఇంతమంది అయ్యాక అనుకోలేం.

ప్రతిభ లేదంటారా? 2023లో ఇటలీ అండర్-20 జట్టు ప్రపంచకప్ ఫైనల్ ఆడింది. అదే ఏడాది అండర్-19 జట్టు యూరప్ ఛాంపియన్ అయింది, ఫైనల్లో పోర్చుగల్ మీద ఏకైక గోల్ కొట్టింది మైకేల్ కయోడే అనే డిఫెండరే. 2024లో అండర్-17 జట్టూ యూరప్ టైటిల్ గెలిచింది. పందొమ్మిదేళ్ల దాకా యూరప్‌లో ఎవరికీ తీసిపోని దేశం, ఆ పైన 2018, 2022 ప్రపంచకప్‌లకు అర్హతే సాధించలేదు. మధ్యలో ఆ మూడు నాలుగేళ్లలో ఏం జరుగుతోందన్నదే ప్రశ్న. కయోడే ఇప్పుడు ఇంగ్లండ్‌లో బ్రెంట్‌ఫర్డ్‌కు ఆడుతున్నాడు.

ఇటలీ గెలిచిన రోజుల్లో పిల్లలను ఆడించేది. 1982 ప్రపంచకప్ ఫైనల్లో బరిలోకి దిగినప్పుడు బెప్పే బెర్గోమీకి పద్దెనిమిదేళ్లు. పావులో మల్దీనిని మిలాన్ పదహారేళ్లకే సీనియర్ జట్టులో దించింది. ఫ్రాంకో బరేసీకి పదిహేడేళ్లకే అవకాశమొచ్చింది. ప్రపంచానికి డిఫెన్స్ నేర్పింది మేమేనని ఆ దేశం చెప్పుకునే గర్వం మొత్తం ఈ పేర్ల మీదే నిలబడి ఉంది. 2021లో యూరో కప్ గెలిచిన జట్టులో సెంటర్ బ్యాక్‌లు కియెల్లీనికి 36, బొనూచ్చీకి 34. ఆ గెలుపు గొప్పదే. కానీ వాళ్ల వెనక ఎవరున్నారని ఆ పండగ రోజుల్లో అడిగినవాళ్లు తక్కువ.

ఇక డబ్బు సంగతికి వస్తాను, ఎందుకంటే అసలు జబ్బు అక్కడే ఉంది. క్లబ్ కొనుక్కున్న ఆటగాడి ధరను ఒప్పందం ఉన్నన్నేళ్లకూ పంచి ఖర్చు రాస్తారు. అకాడమీలో పెరిగిన ఆటగాడికి పుస్తకాల్లో విలువ సున్నా. అతన్ని అమ్మితే వచ్చిన ప్రతి యూరో ఆ ఏడాది లాభమే. జూన్ 30న ఖాతాలు ముగుస్తాయి. యూరప్ ఫుట్‌బాల్ సంఘం ఆర్థిక నిబంధనలు మీద వేలాడుతుంటాయి. అప్పుడు ఏ మేనేజర్‌కైనా ముందు గుర్తొచ్చేది సొంత పిల్లలే. 2023 జూన్‌లో రోమా చేసింది ఇదే. ఆ గడువుకు ముందు వోల్పాతో, మిస్సోరి, తహిరోవిచ్ లాంటి కుర్రాళ్లను వరసగా అమ్మింది. విత్తనపు వడ్లు వండుకు తిన్న రైతుకు మరుసటి ఏడాది ఏం మిగులుతుందో వాళ్లకు తెలియక కాదు, ఆ ఏడాది గడవడమే వాళ్లకు ముఖ్యమైంది.

అంతకంటే బాధ కలిగించేది 2019లో వచ్చిన పన్ను రాయితీ. అంతకుముందు రెండేళ్లు ఇటలీలో నివసించని వ్యక్తి అక్కడికొచ్చి ఉద్యోగం చేస్తే ఆదాయంలో పెద్ద భాగం మీద పన్ను మాఫీ. క్రీడాకారుల విషయంలో అది సగం ఆదాయం. విదేశాలకు వెళ్లిపోయిన చదువుకున్న ఇటాలియన్లను ఇంటికి రప్పించాలన్నది దీని వెనకున్న ఆలోచన. ఫుట్‌బాల్ క్లబ్బులు దాన్ని తమకు అనుకూలంగా మలచుకున్నాయి. ఇటలీలో జీతం బేరాలు పన్నుపోగా చేతికొచ్చే మొత్తం మీదే నడుస్తాయి. ఒక ఆటగాడికి ఏడాదికి 30 లక్షల యూరోలు చేతికివ్వాలంటే, 43 శాతం పన్ను పడే స్థానిక కుర్రాడికి క్లబ్ 50 లక్షలకు పైగా ఖర్చు పెట్టాలి. అదే బయటి నుంచి వచ్చినవాడైతే 40 లక్షల లోపే సరిపోతుంది. ఇద్దరి ఆటా సమానంగా ఉన్నా, చివరికి స్థానికుడే కాస్త మెరుగైనా, ఏ క్లబ్ ఎవరిని తీసుకుంటుంది? స్వదేశంలో పుట్టి, స్వదేశంలోనే ఉన్నందుకు ఆ కుర్రాడి మీద ప్రభుత్వమే జరిమానా వేసినట్టయింది. కలాఫియోరి రోమాలో బెంచీ మీద కూర్చున్నది, ఇటలీ ఉత్తర మాసిడోనియా చేతిలో ఓడి ప్రపంచకప్‌కు దూరమైంది ఈ చట్టం నడిచిన కాలంలోనే. 2024 జనవరి నుంచి క్రీడాకారులకు ఆ రాయితీ ఎత్తేశారు. క్లబ్బులు గగ్గోలు పెట్టాయి. ఎత్తేసిన ప్రభుత్వాన్ని నేను మెచ్చుకుంటాను. నాలుగేళ్లు ఆలస్యంగా జరిగిందన్నదే నా ఫిర్యాదు.

రోమా తప్పేమీ లేదనేవారు ఉన్నారు. మోకాలు అంతగా దెబ్బతిన్న కుర్రాడి మీద క్లబ్ ఎంతకాలం ఆశ పెట్టుకోగలదు, జెనోవాలో కూడా మెప్పించలేదు కదా, బయటికి వెళ్లడమే అతనికి మేలు చేసింది కదా అంటారు. ఆర్సెనల్‌లోనూ గాయాలు అతన్ని వెంటాడుతున్న మాట నిజం. కానీ జెనోవాలో అతను ఆడిందే అరకొర. ఆడని మ్యాచ్‌ల ఆధారంగా ఇరవయ్యేళ్ల పిల్లవాడి స్థాయి తేల్చేయడం అన్యాయం. బయటికి వెళ్లడం మేలు చేసిందంటే, ఆ మేలు ఇంట్లో దొరకలేదనే కదా అర్థం.

దొరికే చోటు ఇటలీలోనే ఒకటుంది. అటలాంటా. ఆ క్లబ్ అలెస్సాండ్రో బస్తోనిని పదిహేడేళ్లకే సీరీ ఆలో దించింది, తర్వాత జార్జో స్కల్వీనికీ అలాగే దారి తీసింది. బస్తోని ఇప్పుడు జాతీయ జట్టుకు మూలస్తంభం. ఆ క్లబ్ ఊరు బెర్గమో పెద్ద నగరం కాదు, అటలాంటాకు మిలాన్, రోమ్ క్లబ్బుల సంపదా లేదు. పిల్లలు తప్పులు చేస్తారని ముందే ఒప్పుకుని ఆడించే ధైర్యం ఉంది.

ఇది ఫుట్‌బాల్‌తో ఆగే జబ్బు కాదు. ఇటలీ విశ్వవిద్యాలయాల నుంచి డిగ్రీలు తీసుకున్న యువత ఏళ్ల తరబడి లండన్, జూరిక్, బెర్లిన్‌ల దారి పడుతోంది. తాత్కాలిక ఒప్పందాలు, చాలీచాలని జీతాలు, పెద్దవాళ్లు కుర్చీలు ఖాళీ చేసేదాకా ఎదురుచూపు. పరిశోధకుడిని తయారుచేయడానికి అయ్యే ఖర్చు ఇటలీది, అతని పనికాలం మరో దేశానిది. పిల్లలను అమెరికాకు, ఆస్ట్రేలియాకు పంపిన తెలుగు ఇళ్లకు ఈ లెక్క విడమరిచి చెప్పనక్కర్లేదు. వెళ్లేవాళ్లను నేను ఒక్క మాట అనను. 2025 ఆగస్టులో ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మాంచెస్టర్ యునైటెడ్ మీద తల ఆనించి గెలుపు గోల్ కొట్టిన కలాఫియోరిని చూసి సంతోషించాను. వెళ్లక తప్పని పరిస్థితి కల్పించినవాళ్ల మీదే నా కోపం.

అదే వేసవిలో పద్దెనిమిదేళ్ల సెంటర్ బ్యాక్ జొవాన్ని లియోని పార్మా నుంచి లివర్‌పూల్ వెళ్లిపోయాడు. సీరీ ఆలో అతను ఒక సీజన్ కూడా పూర్తిగా ఆడలేదు. లివర్‌పూల్ తరఫున తొలి మ్యాచ్‌లోనే మోకాలి లిగమెంట్ తెగింది. కోలుకోవడానికి వేరే దేశం, వేరే భాష, వేరే డాక్టర్లు. ఇలాంటి కుర్రాళ్లకు సొంత గడ్డ మీద రెండు మూడేళ్ల నిఖార్సైన పోటీ ఇవ్వడానికి మార్గం ఉంది. క్లబ్బుల రెండో జట్లు పెద్దవాళ్ల లీగుల్లో ఆడే పద్ధతి స్పెయిన్‌లో దశాబ్దాలుగా నడుస్తోంది. ఇటలీలో 2018లో జువెంటస్ మొదలుపెట్టింది, 2023లో అటలాంటా, 2024లో మిలాన్, 2025లో ఇంటర్ చేరాయి. ఏడేళ్లలో నాలుగు క్లబ్బులు. అకాడమీ పిల్లలను అమ్మి లాభం రాసుకునే ప్రతి క్లబ్ ఆ డబ్బులో కొంత భాగంతో రెండో జట్టు నడపాలని ఫెడరేషన్ నిబంధన పెట్టాలి. సీరీ ఆలోని మిగతా పదహారు క్లబ్బుల యజమానులను ముందు రోమాతో మొదలుపెట్టి అడగాలి: మీ పద్దెనిమిదేళ్ల పిల్లవాడు వచ్చే ఆదివారం ఎక్కడ ఆడబోతున్నాడు?